అమ్మ బీపీ మాత్రలు లెక్కపెట్టిన రోజు | ఎపిసోడ్ పూర్తి పాఠం

 

ఈ రోజు టాపిక్ పేరు వినగానే సగం మంది స్కిప్ కొడతారని నాకు తెలుసు. బీపీ. "అది మా నాన్నకి కదా భయ్యా, నాకెందుకు" అనుకుంటారు. ఒక్క పది నిమిషాలు ఉండండి. మీ నాన్న కోసమైనా ఉండండి.

మనం బీపీ అనే మాటని రోజుకి ఎన్నిసార్లు వాడతామో ఎప్పుడైనా గమనించారా? "నాకు బీపీ తెప్పించకు." "ఆయనకి బీపీ ఎక్కువ, జాగ్రత్తగా మాట్లాడు." మన భాషలో బీపీ అంటే కోపం అయిపోయింది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కోపం లేని మనిషికి బీపీ ఉండదని మనం ఫిక్స్ అయిపోయాం. మా అమ్మ నా జన్మలో నన్ను గట్టిగా తిట్టింది లేదు. ఆమెకి బీపీ ఉంది.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివా, ఐదేళ్లు కోడ్ రాశా, ఇప్పుడు కెమెరా ముందు మాట్లాడుతున్నా. ఈ వీడియో చూసి ఎవరూ మందు మొదలుపెట్టకండి, మందు ఆపకండి. నేను చేసిన ఒక తప్పు చెప్పడానికి ఈ ఎపిసోడ్ చేస్తున్నా.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. అమ్మ జాకెట్లు కుడుతుంది. ముప్పై ఏళ్ల నుంచి అదే పని. 2019లో ఆశా వర్కర్ ఇంటింటికీ తిరుగుతూ ముప్పై దాటిన వాళ్లందరి వివరాలు రాసుకుని, సబ్‌సెంటర్‌కి వచ్చి బీపీ, షుగర్ చూపించుకోమంది. అమ్మ వెళ్లింది. 160 పైన వచ్చింది. అమ్మ నవ్వింది, "నాకేమైతది బిడ్డా, మంచిగనే ఉన్న కదా" అని. వారం తర్వాత మళ్లీ చూశారు, మళ్లీ అంతే. పీహెచ్‌సీ డాక్టర్ అమ్లోడిపిన్ అనే చిన్న మాత్ర రాశారు. రోజుకి ఒకటి. నెలకోసారి వెళ్లి బీపీ చూపించుకోవడం, మాత్రలు తెచ్చుకోవడం. ఖర్చు సున్నా. రెండు మూడు నెలల్లో 130ల్లోకి వచ్చేసింది. మూడేళ్లు అలా నడిచింది.

ఇప్పుడు హీరో ఎంట్రీ. నేను.

2022లో అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చా. కొత్తగా జీతం పెరిగింది, ఫ్లాట్ ఈఎంఐ కూడా మొదలైంది. "ఇంకా ఆ ఫ్రీ మాత్రలేంటమ్మా" అని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లా. అక్కడ వాళ్లు తప్పేం చేయలేదు, పరీక్షలన్నీ చేసి రెండు మందులు కలిసిన ఒక బ్రాండెడ్ మాత్ర, దాంతో పాటు ఇంకేవో విటమిన్లు రాశారు. నెలకి దాదాపు వెయ్యి రూపాయలు. నాకు అదొక లెక్క కాదు. పైగా గర్వం. అమ్మకి మంచి వైద్యం చేయిస్తున్నా అని.

ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున్న అమ్మ మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కట్లేదు. కళ్లజోడు సరిచేసుకుంది. మళ్లీ ఎక్కట్లేదు. తర్వాత దారం చేతిలోంచి జారిపోయింది. నన్ను పిలిచింది కానీ మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి పైకెత్తమంటే సగంలో ఆగిపోయింది.

ఆసుపత్రికి చేరేలోపే చెయ్యి మామూలైపోయింది. ఇరవై నిమిషాలు, అంతే. స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టర్ దాన్ని టీఐఏ అన్నారు. అంటే మెదడుకి వెళ్లే రక్తం కాసేపు ఆగి, మళ్లీ దానంతటదే సర్దుకోవడం. మినీ స్ట్రోక్ అంటారు చూడండి, అది. "ఇది వార్నింగ్, తర్వాత అసలుది రావచ్చు" అన్నారు. అప్పుడు బీపీ 190/110.

ఇక్కడ ఒక్క నిమిషం ఆపి చెప్తా. ముఖం ఒక పక్కకి వంగడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఈ మూడింట్లో ఏది సడెన్‌గా కనిపించినా 108కి ఫోన్ చేయండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. "కాసేపు పడుకో, తగ్గిపోతుంది" అని చూడకండి. తగ్గిపోయినా వెళ్లాలి. మేము వెళ్లాం కాబట్టే తెలిసింది.

సరే. ఆసుపత్రిలో అడిగారు, "మందులు రోజూ వేసుకుంటున్నారా అమ్మా?" అమ్మ "ఆ, వేసుకుంటున్న" అంది. నేను పక్కనే ఉండి తలూపా. వాళ్లకి ఏమర్థమవుతుంది? మందు వేసుకున్నా బీపీ తగ్గట్లేదు, అంటే మందు చాలట్లేదు అని. రక్తం గడ్డకట్టకుండా ఒకటి, కొలెస్ట్రాల్‌కి ఒకటి, ఇవి ఎలాగూ అవసరం. వాటితో పాటు బీపీకి ఇంకో మందు కలిపారు.

ఇంటికొచ్చిన వారానికి బీపీ చూపించాలి. నాకు మీటింగ్. అమ్మ పక్కింటావిడతో కలిసి మా వీధి చివరున్న బస్తీ దవాఖానాకి వెళ్తానంది. సరే, బీపీ చూడటమే కదా అనుకున్నా. మీటింగ్ తొందరగా అయిపోయింది, నేనూ వెళ్లా.

అక్కడ స్టాఫ్ నర్స్, నా వయసే ఉంటుందేమో. బీపీ చూసింది. తర్వాత "అమ్మా, గోలీల షీట్లు తెచ్చినవా?" అంది. అమ్మ సంచిలోంచి తీసింది. నర్స్ బిల్లు మీద తేదీ చూసింది, షీట్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. అంతే. లెక్కపెట్టింది. తర్వాత చాలా మెల్లగా, "అమ్మా, అందరికీ మర్చిపోవుడు అయితది. వారంల ఎన్ని రోజులు వేసుకోలే నువ్వు?" అంది.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత కిందికి చూసింది. "దినం తప్పిచ్చి దినం ఏసుకుంట" అంది.

ఎందుకమ్మా?

"వెయ్యి రూపాయలు బిడ్డా. నీకు ఇంటి కిస్తు ఉండె. మంచిగనే ఉన్న కదా అని..."

[కాసేపు మౌనం]

ఐదేళ్లు నేను సిస్టమ్స్ డీబగ్ చేశా. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ముందు ఏం చూస్తాం? రిక్వెస్ట్ అసలు సర్వర్ దాకా వెళ్లిందా లేదా అని చూస్తాం. సర్వర్‌కి ర్యామ్ పెంచడం తర్వాత సంగతి. నా ఇంట్లో ఏడాదిన్నరగా సగం రిక్వెస్టులు డ్రాప్ అవుతున్నాయి, నేను లాగ్ ఒక్కసారి కూడా చూడలేదు. పెద్ద ఆసుపత్రిలో "వేసుకుంటున్నారా" అని అడిగారు. ఈమె "ఎన్ని రోజులు వేసుకోలేదు" అని అడిగింది. మొదటి ప్రశ్నకి మన అమ్మానాన్నలు ఎప్పుడైనా అవుననే చెప్తారు. రెండో ప్రశ్నకే నిజం చెప్తారు.

ఇంకో సంగతి. సగం రోజులు వేసుకోవడం వల్ల పెరిగిన బీపీకి మందు పెంచితే, ఆ మనిషి రేపటి నుంచి బుద్ధిగా అన్నీ వేసుకుంటే ఏమవుతుంది? బీపీ మరీ పడిపోయి కళ్లు తిరిగి కిందపడొచ్చు. దవాఖానా డాక్టర్ గారు ఫైల్ అంతా చూశారు. గడ్డకట్టకుండా ఉండే మందు, కొలెస్ట్రాల్ మందు ఒక్కరోజు కూడా ఆపొద్దన్నారు. బీపీ మందుల గురించి నన్నే న్యూరాలజిస్ట్‌తో మాట్లాడమన్నారు. వాళ్లు కూడా ఒప్పుకున్నారు. చివరికి బీపీకి రెండే రెండు మామూలు జెనరిక్ మాత్రలు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. రోజూ. రెండు నెలల్లో 128/80. కలిపిన మూడో మందు అవసరమే పడలేదు.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టింది, దీని గురించి చదవడం మొదలుపెట్టా. ఎపిసోడ్ అసలు విషయం ఇదే. బీపీ విషయంలో అద్భుతాలు జరిగేవి చిన్న క్లినిక్కుల్లోనే.

బేసిక్స్ ఫాస్ట్‌గా. గుండె నొక్కినప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి పై నంబర్. గుండె సడలినప్పుడు ఉండేది కింది నంబర్. క్లినిక్‌లో వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు పైది 140 గానీ కిందిది 90 గానీ దాటుతూ ఉంటే బీపీ ఉన్నట్టు. ఇంట్లో చూసుకుంటే లిమిట్ కొంచెం తక్కువ, 135/85. నొప్పి ఉండదు, తలనొప్పి కూడా చాలామందికి రాదు. లోపల మాత్రం మెదడు, గుండె, కిడ్నీ, కంటి నరాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటాయి.

అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కథ తెలుసా? 1944 మార్చిలో ఆయన బీపీ 186/108. 1945 ఏప్రిల్ 12న 300/190. ఆ రోజే మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ప్రపంచంలోకెల్లా పవర్‌ఫుల్ మనిషి, పక్కనే డాక్టర్లు. కానీ ఆ రోజుల్లో బీపీని సరిగ్గా తగ్గించే మాత్రే లేదు. ఈ రోజు మా వీధి చివర ఫ్రీగా ఇచ్చేది ఆయనకి దొరకలేదు.

మరి మందు ఉంది, చవక, రోజుకొక్కసారి. అయినా మన దగ్గర పరిస్థితి ఏంటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది లేదా దానికి మందు వాడుతున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఈ సగటు కన్నా పైనే ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే బీపీ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఉన్నట్టే తెలియదు, ఐదుగురిలో ఒక్కరికే కంట్రోల్‌లో ఉందని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది.

2017 చివర్లో మన దేశంలో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అని ఒకటి మొదలైంది. ఐసీఎంఆర్, కేంద్ర ఆరోగ్య శాఖ, రాష్ట్రాలు, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి. మొదట ఐదు రాష్ట్రాలు, అందులో తెలంగాణ ఒకటి. వీళ్లు చేసిన పని చూస్తే ఇంజినీర్‌గా నాకు ముచ్చటేసింది. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త మెషీన్ తేలేదు. ఒక్క పేజీ ప్రోటోకాల్ రాశారు. మొదట ఈ మందు, ఇంత డోసు. నెల తర్వాత తగ్గలేదా, అయితే ఇది కలపండి లేదా పెంచండి. ఇంకా తగ్గలేదా, తర్వాతి మెట్టు. అన్ని మెట్లూ అయినా తగ్గకపోతే పెద్ద ఆసుపత్రికి పంపండి. ప్రతి డాక్టరూ తనకిష్టమైన బ్రాండ్ రాస్తే స్టోర్‌లో ఇరవై రకాల మందులు కొద్దికొద్దిగా ఉంటాయి, ఏదో ఒకటి ఎప్పుడూ అయిపోతూనే ఉంటుంది. అందరూ అవే మూడు మందులు రాస్తే ఎన్ని కొనాలో ముందే లెక్క కట్టొచ్చు, స్టాక్ అయిపోదు.

రెండోది, డాక్టర్ ఒక్కడి మీదే భారం వేయలేదు. బీపీ చూడటం, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడగడం, రాని వాళ్లకి ఫోన్ చేయడం, ఇవి నర్సు పని. కంట్రోల్‌లో ఉన్నవాళ్లకి ఊళ్లోని సబ్‌సెంటర్‌లోనే నెల మందులు. ఎందుకంటే కూలికి వెళ్లే మనిషి మాత్రల కోసం నెలకో రోజు కూలి పోగొట్టుకోడు కదా. ఆ దూరమే అసలు ఖర్చు, మాత్ర ధర కాదు.

ఇంక యాప్. నాకు ఫేవరెట్ పార్ట్. సింపుల్ అని ఒక ఆండ్రాయిడ్ యాప్ ఉంది, పేరే సింపుల్. కొన్ని రాష్ట్రాల్లో ఈ ప్రోగ్రామ్‌కి దాన్ని వాడారు. రిజాల్వ్ టు సేవ్ లైవ్స్ అనే సంస్థ చేయించింది. పేషెంట్ దగ్గర క్యూఆర్ కోడ్ ఉన్న కార్డ్ ఉంటుంది. నర్స్ స్కాన్ చేస్తుంది, బీపీ ఎంటర్ చేస్తుంది, మందులు సరిచూస్తుంది, తర్వాత ఎప్పుడు రావాలో పెడుతుంది. అయిపోయింది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, సిగ్నల్ వచ్చినప్పుడు సింక్ అవుతుంది. మనం ఆఫీసులో కస్టమర్ వివరాలకి నలభై ఫీల్డుల ఫారం పెడతాం చూడండి, అలా పెట్టలేదు. క్యూలో అరవై మంది నిలబడి ఉంటే నర్సుకి టైప్ చేసే టైమ్ ఎక్కడిది? ఆ యాప్‌లో ఇంకో స్క్రీన్ ఉంది, ఈ నెల రావాల్సి ఉండి రాని వాళ్ల లిస్ట్. నర్స్ అక్కడి నుంచే ఫోన్ చేయొచ్చు. కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్, గిట్‌హబ్‌లో ఉంది, కోట్లిన్ వచ్చినవాళ్లు వెళ్లి చూడండి.

రిజల్ట్ ఏంటంటే, చేరిన వాళ్లలో దాదాపు సగం మందికి బీపీ కంట్రోల్‌లోకి వచ్చింది. సగమేనా అనకండి, బయట దేశం మొత్తం మీద చూస్తే అందులో చాలా చిన్న వంతు మందికే కంట్రోల్‌లో ఉంది. 2022లో ఈ ప్రోగ్రామ్‌కి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మిగిలిన సగం ఎందుకు రాలేదు? అందులో పెద్ద వాటా మందు పనిచేయని వాళ్లది కాదు, ఆ నెల అసలు క్లినిక్‌కే రాని వాళ్లది. మా అమ్మలాగా.

"ఇదంతా పేద దేశాల సంగతి" అనుకునేవాళ్లకి, బే ఏరియాలో ఉన్న మన తెలుగు ఫ్రెండ్స్‌కి కూడా ఒక మాట. మీలో చాలామందికి కైజర్ ఇన్సూరెన్స్ ఉంటుంది. నార్తర్న్ కాలిఫోర్నియా కైజర్‌లో 2001లో బీపీ ఉన్నవాళ్లలో 44 శాతం మందికే కంట్రోల్. 2009కి 80 శాతం. ఏం చేశారు? పేషెంట్ల రిజిస్ట్రీ పెట్టారు, అందరికీ ఒకే గైడ్‌లైన్, రెండు మందులు కలిసిన చవక మాత్ర, మధ్యలో బీపీ చూపించుకోవడానికి డాక్టర్ అక్కర్లేదు, మెడికల్ అసిస్టెంట్ చూస్తారు, దానికి ఫీజు లేదు. సేమ్ రెసిపీ. సిలికాన్ వ్యాలీ పక్కన పనిచేసింది, పల్లెలో పనిచేసింది.

ఇప్పుడు బీపీ ఎలా కొలవాలి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే మనం అందరం తప్పే చేస్తాం. నేను మొన్న ఒక మెడికల్ షాపులో చూశా. ఒకాయన బండి దిగి ఎండలోంచి వచ్చాడు, నిలబడే చొక్కా మీద కఫ్ చుట్టించుకున్నాడు, ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు. 158 వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. అది ఆయన బీపీ కాదండీ, ఆ ఎండ, ఆ ఫోన్ కాల్ బీపీ.

సరిగ్గా ఎలా అంటే, అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లి రండి, నవ్వకండి, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. వీపు ఆనించి కుర్చీలో కూర్చోండి, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వద్దు. ఐదు నిమిషాలు ఊరికే ఉండండి. రీల్స్ కూడా వద్దు. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో పెట్టండి, కఫ్ చర్మం మీదే చుట్టాలి, చొక్కా మీద కాదు. చెయ్యి లావుగా ఉన్నవాళ్లకి పెద్ద కఫ్ కావాలి, చిన్నదైతే నంబర్ ఎక్కువ చూపిస్తుంది. కొలిచేటప్పుడు మాట్లాడొద్దు. ఒకటి రెండు నిమిషాల గ్యాప్‌తో రెండుసార్లు చూసి రాసుకోండి. మెషీన్ కొంటే పై చేతికి చుట్టేదే కొనండి, మణికట్టుది కాదు.

కొందరికి క్లినిక్‌లో తెల్లకోటు చూడగానే పెరుగుతుంది, ఇంట్లో నార్మల్. కొందరికి రివర్స్. అందుకే ఒక్క రీడింగ్ చూసి జీవితాంతం మందూ వద్దు, ఒక్క రీడింగ్ చూసి సంబరమూ వద్దు. కానీ 180/120 దగ్గర ఉండి ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, చెయ్యి తిమ్మిరి లాంటివి ఏవైనా ఉంటే అది వేరే కేసు, వెంటనే ఆసుపత్రికి.

పోయిన వారం ఈ ఎపిసోడ్ అనౌన్స్ చేసినప్పుడు మీరు పంపిన ప్రశ్నల్లో సగం ఒకటే. "అన్నా, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలంట కదా, అందుకే మా నాన్న మొదలుపెట్టట్లేదు." చాలామందికి అవును, చాలా ఏళ్లు వేసుకోవాల్సిందే. కానీ అది మాత్ర చేసిన అలవాటు కాదు. కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది, తీస్తే మసక. కళ్లజోడు మీద ఎవరూ నింద వేయరు కదా? మాత్ర వేసుకుంటున్నాం కాబట్టే 128 వచ్చింది. "నార్మల్ వచ్చింది, ఇంక ఆపేద్దాం" అనేది బీపీలో అన్నిటికన్నా కామన్ తప్పు. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, మందు దించుకున్నవాళ్లు ఉన్నారు. అది డాక్టర్ చూస్తూ మెల్లగా దించాలి, వాట్సాప్ ఫార్వర్డ్ చూసి కాదు.

ఇంకో ప్రశ్న, "బీపీ మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయా?" ఉల్టా. కంట్రోల్ లేని బీపీ కిడ్నీలని పాడుచేస్తుంది. టెల్మిసార్టాన్ లాంటి వాటికి మధ్యమధ్యలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేస్తారు, అది జాగ్రత్త కోసం. ఆ రకం మందులు గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు, కాబట్టి పిల్లల కోసం ప్లాన్ చేస్తున్న అక్కచెల్లెళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి. అమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్ల మడమల దగ్గర వాపు వస్తుంది. అలా వస్తే చెప్పండి, మారుస్తారు. చెప్పకుండా మీరే ఆపేయకండి. మా పెదనాన్న ఆపేశాడు, డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటమంట. మొహమాటం!

ఉప్పు సంగతి. రోజుకి ఐదు గ్రాముల లోపు అని డబ్ల్యూహెచ్‌ఓ మాట, అంటే ఒక టీస్పూన్. అన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం, పెరుగన్నంలో చల్ల మిరపకాయలు. ఇది ఆరోగ్యానికి ఎంత చెడ్డదో లెక్చర్ ఇవ్వను, నేనూ మానలేదు. మేము చేసింది ఒకటే. ఊరగాయ డబ్బా టేబుల్ మీంచి తీసి అలమార్లో పెట్టాం. లేచి వెళ్లి తెచ్చుకోవాలి. బద్ధకం వల్ల సగం తగ్గింది. చైనాలో 600 ఊళ్లలో దాదాపు 21 వేల మంది మీద ఒక పెద్ద స్టడీ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడించారు. స్ట్రోకులు 14 శాతం తగ్గాయి. మన దగ్గర కూడా లో సోడియం ఉప్పు దొరుకుతుంది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, టెల్మిసార్టాన్ లాంటి మందులు వాడేవాళ్లకి పొటాషియం ప్రమాదం కావచ్చు. అందుకే మా అమ్మకి అది కొనలేదు. అడిగి కొనండి.

చివరగా మన సంగతి. అమ్మ కోసం మెషీన్ కొన్నాక ఊరికే నా చేతికి చుట్టుకున్నా. 146/94. నా వయసు ఇరవై ఎనిమిది. ఆఫీస్ హెల్త్ క్యాంప్‌లో అంతకు ముందే ఒకసారి ఎక్కువ వచ్చింది, "స్ట్రెస్ బ్రో" అని నవ్వుకుని వచ్చేశా. ఈసారి అదే బస్తీ దవాఖానాకి వెళ్లా. మళ్లీ ఎక్కువే. డాక్టర్ అడిగిన ప్రశ్నలు నేను ఊహించనివి. గురక పెడతావా? నొప్పి మాత్రలు ఎక్కువ వాడతావా? ఎనర్జీ డ్రింకులు? జిమ్‌లో ఏవైనా ఇంజెక్షన్లు, పౌడర్లు? ముప్పై లోపు బీపీ వస్తే వేరే కారణం ఏదైనా దాగి ఉందేమో చూడాలంట. కిడ్నీ, థైరాయిడ్, నిద్రలో శ్వాస ఆగడం లాంటివి. రక్తం, మూత్రం పరీక్షలు చేయించా, నాకు అవేవీ లేవు. బరువు ఎనభై తొమ్మిది ఉంది, ఎడిటింగ్ కోసం రాత్రి రెండింటి దాకా మేల్కొనడం ఉంది, తలనొప్పికి వారంలో మూడు నాలుగు రోజులు పెయిన్ కిల్లర్ ఉంది. అది ఆపేశా. మూడు నెలలు టైమ్ ఇచ్చారు, నడక, బరువు, నిద్ర. ఇప్పుడు రెండో నెలలో ఉన్నా. నిన్నటి రీడింగ్ 138/88. తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం అన్నారు. మొదలుపెడతా. సిగ్గేం లేదు.

అమ్మ మళ్లీ కుడుతోంది. మాత్రలకి వారం రోజుల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా కొన్నా, అరవై రూపాయలు. ఆదివారం రాత్రి ఇద్దరం కూర్చుని నింపుతాం. గురువారం గడి ఇంకా నిండుగా ఉంటే శుక్రవారం పొద్దున్న నేను అడుగుతా, "అమ్మా, నిన్న ఎందుకు వేసుకోలే?" "వేసుకుంటున్నావా" అని అడగడం మానేశా.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు వీడియో కాల్ చేయండి, మాత్రల షీట్ చూపించమనండి, లెక్కపెట్టండి. ఎన్ని మిగిలాయో, ఎందుకు మిగిలాయో వాళ్లు ఏం చెప్పారో కింద రాయండి. కోప్పడకండి, మా నర్స్ లాగా అడగండి. మీరు రాసినవి చదివి, డాక్టర్ ఒకరిని కూర్చోబెట్టి ఇంకో ఎపిసోడ్ చేస్తా.

అమ్మ లోపలి నుంచి పిలుస్తోంది, టైమ్ తొమ్మిదైంది, నడకకి వెళ్లాలి. ఉంటా మరి. బై.